బ్యాచ్ ఫైలును చదివేదెవరు?

ఆండ్రాయిడ్ యాప్‌లు రాసేవారి ప్రాజెక్టు ఫోల్డర్‌లో గ్రేడిల్ అనే బిల్డ్ సాధనం తాలూకు బ్యాచ్ ఫైలు ఒకటి ఉంటుంది. హైదరాబాదులోనూ ఎందరో ఇంజనీర్లు దాన్ని నడుపుతుంటారు. అందులో పైనే ఒక పరీక్ష కనిపిస్తుంది: ‘ఓఎస్’ అనే వేరియబుల్‌లో ‘విండోస్ ఎన్‌టీ’ అని ఉందా? లేకపోతే ‘సెట్‌లోకల్’ అనే ఆదేశం జోలికి పోవద్దు. విండోస్ 95, 98లలో ఆదేశాలను చదివే షెల్‌కు అది తెలియదు. ఆ విండోస్‌లు వాడుకలోంచి పోయాయి, పరీక్ష మాత్రం పోలేదు.

1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్‌లో, మనం కొట్టిన ఆదేశాలను చదివి అమలుచేసే షెల్ పేరు కమాండ్ డాట్ కామ్. అవే ఆదేశాలను ఒక ఫైలులో వరసగా రాసిపెడితే ఒక్కో వరసే చదువుకుంటూ పోయేది. అదే బ్యాచ్ ఫైలు. ముందు వ్యాకరణం రాసుకుని తర్వాత షెల్ తయారుచేయలేదు. షెల్ ఎలా నడుచుకుంటే అదే వ్యాకరణమైంది, లోపాలతో సహా. తర్వాత వచ్చిన చిక్కులన్నిటికీ మూలం ఇదేనని నేననుకుంటాను.

1989లో జేపీ సాఫ్ట్‌వేర్ వారి 4డాస్ వచ్చింది. కమాండ్ డాట్ కామ్‌కు బదులుగా పెట్టుకోగల, ఎంతో మెరుగైన షెల్. కానీ ఒకే వరసలో రెండు ఆదేశాలు రాయడానికి అది ^ గుర్తును ఎంచుకుంది. తర్వాత విండోస్ ఎన్‌టీలో అదే గుర్తు, పక్కనున్న అక్షరానికి ప్రత్యేకార్థం తీసేయడానికి వచ్చింది. గుర్తు ఒకటే, పని వేరు.

1993లో బయటికొచ్చిన విండోస్ ఎన్‌టీలోని షెల్ సీఎండీ. దాన్ని రాసిన ప్రోగ్రామర్ థెరీస్ స్టోవెల్. ఇందులో దోష సందేశాలను విడిగా మళ్లించవచ్చు: ‘2>’ అని రాస్తే చాలు. అదే వరసను కమాండ్ డాట్ కామ్ చదివితే, 2 అంటే ఆదేశానికి ఇచ్చిన మరో మాట అనుకుంటుంది. ‘>’ను మాత్రం పట్టుకుని అసలు ఫలితాన్ని మళ్లిస్తుంది. మనకు కావలసినది మాయమై, వద్దనుకున్న దోష సందేశం తెరమీద మిగులుతుంది.

సీఎండీ కూడా తక్కువది కాదు. బ్రాకెట్లలో పెట్టిన ఆదేశాల గుంపును మొత్తంగా చదివి, % గుర్తుల మధ్యనున్న వేరియబుల్స్‌కు అప్పుడే విలువలు వేసేస్తుంది, ఆ తర్వాతే అమలుచేస్తుంది. అందుకే లూప్‌లో లెక్క పెరుగుతున్నా తెరమీద పాత అంకే కనిపిస్తుంది. ఈ పద్ధతిని మార్చితే అప్పటికే నడుస్తున్న స్క్రిప్టులు చెడతాయి. విండోస్ 2000లో పాతదాన్ని అలాగే ఉంచి, అమలు సమయంలో విలువ వేసే ! గుర్తును పక్కన చేర్చారు. దాన్ని వాడుతున్నప్పుడు పేరులో ! ఉన్న ఫైలు లూప్‌లోకి వస్తే ఆ అక్షరం మాయమవుతుంది.

ఫైలు పేరు చివర బ్యాట్ ఉందా, సీఎండీ ఉందా అన్నదీ తేడా తెస్తుంది. రెండింటినీ చదివేది ఒకే షెల్. వేరియబుల్‌కు విలువనిచ్చే ‘సెట్’ ఆదేశం విజయవంతమైతే సీఎండీ ఫైలులో ఎర్రర్‌లెవెల్, అంటే ఆదేశం నెగ్గిందో లేదో చెప్పే అంకె, సున్నాకు వస్తుంది. బ్యాట్ ఫైలులో అంతకుముందున్న అంకె అలాగే ఉంటుంది. 4డాస్ వారసుల్లోనైతే సీఎండీలోని ఒక లోపాన్ని కావాలనే అనుకరించే సెట్టింగు కూడా పెట్టారు. పాత స్క్రిప్టుల మీద అంతటి గౌరవం చూపిన తయారీదారులంటే నాకు అభిమానం.

2006లో వచ్చిన పవర్‌షెల్ దారి వేరు. బ్యాచ్ ఫైలును అది స్వయంగా చదవదు, సీఎండీని పిలిచి అప్పగిస్తుంది. పని జరుగుతుంది. కానీ ఆ ఫైలు మార్చిన పాత్, ఇతర వేరియబుల్స్ సీఎండీతోపాటే పోతాయి, పవర్‌షెల్‌కు చేరవు. బ్యాచ్ ఫైలులోని వరసలను నేరుగా పవర్‌షెల్‌లో అతికిస్తే ఇబ్బంది ఇంకా ఎక్కువ. ‘డిర్’ అక్కడా ఉంది గానీ, దాని వెనక రాసే పాత స్లాష్ గుర్తులను ఒప్పుకోదు.

బ్యాచ్ ఫైలు రాసి ఇతరులకు ఇచ్చేవారికి ఒక మనవి. ఏ షెల్‌లో, ఏ విండోస్ మీద నడిపి చూశారో ఫైలు మొదట్లోనే ఒక వ్యాఖ్యగా రాయండి.