ప్రాణం నిలిపే మాటలు

ఏటా డిసెంబరు 11వ తేదీన, మహాకవి సుబ్రహ్మణ్య భారతి జన్మదినాన, ఢిల్లీలోను, దాని పరిసర నగరాలలోను గల పాఠశాలలలో భారతీయ భాషా దినోత్సవం జరుగుతుంది. 2022లో ఈ ఉత్సవానికి శ్రీకారం చుట్టారు. అంతకు ముందే 2018 నవంబరు, డిసెంబరు మాసాలలో 'భాషా సంగమం' పేరిట కేంద్ర విద్యాశాఖ మరొక ప్రయత్నం చేసింది. రాజ్యాంగం గుర్తించిన 22 భాషలలో ఒక్కొక్క దాని నుండి ఐదేసి చిన్న వాక్యాలను, రోజుకొక భాష చొప్పున, పిల్లల చేత పలికించింది. ఢిల్లీలోని తెలుగు పిల్లల చదువుకోసం 1948లో శ్రీమతి దుర్గాబాయి స్థాపించిన ఆంధ్ర విద్యాసంఘం వంటి సంస్థలు చిరకాలంగా చేస్తున్న పనికి ఇది దేశవ్యాప్తమైన రూపమని భావించవచ్చు.

'నీ పేరేమి?', 'నీవు ఎలా ఉన్నావు?' వంటి వాక్యాలు స్నేహానికి తొలిమెట్టు. అయితే పొరుగు భాషలో నేర్చిన మాట స్నేహానికే కాదు, ఆపదలో ప్రాణరక్షణకు కూడా సాధనమవుతుంది. భాషోత్సవాలు నిర్వహించే ఉపాధ్యాయులు ఈ విషయం ఆలోచించదగినది.

ఇండోనీషియాలో సుమత్రాకు చేరువగా సిమెలూ అనే ద్వీపం ఉన్నది. 1907లో సునామీ వచ్చి అక్కడ ఎందరినో బలిగొన్నది. ద్వీపవాసులు దానికి తమ భాషలో 'స్మాంగ్' అని పేరు పెట్టారు. నేల గట్టిగా కంపించి, సముద్రం వెనుకకు పోతే కొండెక్కవలెనన్న బోధను కథలుగా, జోలపాటలుగా బిడ్డలకు అందించారు. 2004 డిసెంబరు 26న భూకంపం రాగానే 'స్మాంగ్' అన్న కేక ఊరూరా వినిపించింది. భూకంప కేంద్రానికి అతి సమీపంలో ఉన్నప్పటికీ, సుమారు 78 వేల జనాభాలో మరణించినవారు ఏడుగురు మాత్రమే.

మన దేశంలోనూ ఇటువంటి మాటలున్నవి. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపాను రేగితే, ఇక్కడ గాలివాన ఏదీ లేకుండానే పెద్ద కెరటాలు తీరాన్ని ముంచుతాయి. కేరళ జాలరులు దీనిని 'కళ్ళక్కడల్' అన్నారు. దొంగవలె వచ్చే కడలి అని అర్థం. 2012లో యునెస్కో ఈ మలయాళ పదాన్ని శాస్త్ర వ్యవహారానికి ఆమోదించింది. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రం తన హెచ్చరికలలో దానినే వాడుతున్నది. ఇక 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన విపత్తు తరువాత 'ఉప్పెన' అన్న మాట వింటే తెలుగువాడు ఉలిక్కిపడతాడు. నిఘంటువులో సమానార్థకం దొరికినా, ఆ ఉలికిపాటు మరొక భాషలోకి సులభంగా దిగదు.

అనువాదకులకు దీనిలో ఒక చిక్కు కలదు. మనం 'ఆటుపోట్లు' అంటాము; హిందీలో 'జ్వార్-భాటా' అంటారు. ఆటు అనగా నీరు తీయడం, పోటు అనగా నీరు పొంగడం. హిందీ జంటలో పొంగే 'జ్వార్' ముందు వస్తుంది, తీసే 'భాటా' వెనుక వస్తుంది. వరుస చూచి మాటకు మాట వేసినచో 'జ్వార్' ఆటుగా మారిపోతుంది. వ్యాసంలో ఇది చిన్న పొరపాటే. సముద్రతీరంలోని హెచ్చరిక ఫలకం మీద అది ప్రాణాంతకం.

సముద్రతీర రక్షణలో శిక్షణ పొందే విద్యార్థి మొదట నేర్చేది ఈదడం కాదు, నీటిని చదవడం. కెరటాలు ఒడ్డుకు తెచ్చిన నీరు ఇరుకైన దారి చేసుకొని వేగంగా వెనుకకు మళ్ళుతుంది. ఆ దారిలో కెరటాలు అంతగా విరగవు. పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. కొత్తవారు మోసపోయి అక్కడే దిగుతారు. విశాఖ తీరంలో గాని, పూరీలో గాని, గోవాలో గాని ఇటువంటి ప్రవాహంలో చిక్కినవారు ఒడ్డు వైపు ఎదురీదరాదు. అలసిపోవడమే దుర్మరణానికి హేతువు. తేలియాడుతూ చేయి ఎత్తి పిలవాలి. ఈదగలిగితే తీరానికి సమాంతరంగా కొంత దూరం పోయి, ఆ పిమ్మట ఒడ్డుకు రావాలి. ఒడ్డున ఉన్నవారు తొందరపడి దూకరాదు. కర్రయో, చీరకొంగో అందించాలి. తాడో, తేలే వస్తువో విసరాలి. శిక్షణ లేనివాడు నీటిలో దిగితే ఒకరికి బదులు ఇద్దరు మునిగే ప్రమాదం ఉన్నది.

ఢిల్లీకి సముద్రం లేదు గదా అని అనుకోరాదు. 1997 నవంబరు 18న వజీరాబాదు వంతెన మీదినుండి పాఠశాల బస్సు యమునలో పడి 28 మంది పిల్లలు మరణించారు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండి జిల్లాలో, లార్జీ జలాశయం నుండి వదిలిన నీరు ఒక్కసారిగా రాగా, విహారయాత్రకు వెళ్ళిన హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఆ దుర్ఘటనకు భాషయే కారణమని చెప్పలేము. కాని దక్షిణాది విద్యార్థులు ఉత్తరాది నదుల వద్దకు, ఉత్తరాది విద్యార్థులు దక్షిణాది తీరాలకు విహారానికి వెళుతూనే ఉంటారు. అక్కడి నీటి స్వభావం వారికి తెలియదు. తెలిసిన స్థానికుడు కేక వేస్తే, ఆ కేక అర్థం కావాలి.

కనుక భాషోత్సవంలో పలికించే వాక్యాలలో రెండింటిని దీనికి కేటాయించవచ్చు. 'ఇక్కడ లోతు ఎక్కువ, దిగవద్దు' అన్న తెలుగు మాటను ఢిల్లీ బాలుడు నేర్చుకోవాలి. 'పానీ ఛోడా జా రహా హై, కినారే ఆఓ' అంటే నీరు వదులుతున్నారు, ఒడ్డుకు రమ్మని పిలుస్తున్నారని తెలుగు బాలిక తెలుసుకోవాలి. 'బచావో' అన్నా, 'కాపాడండి' అన్నా ఒకటేనని ఇద్దరూ గ్రహించాలి. ఉత్సవానంతరం ఆవరణలోనే తాడు విసరడం, సమీపంలోని ఈతకొలనులో తేలియాడడం అర్హులైన శిక్షకులచేత నేర్పిస్తే మరింత ప్రయోజనకరం.

జాతీయ సమైక్యత అన్నది పెద్ద మాట. పరాయి ప్రాంతపు నది ఒడ్డున ఎవరో తెలియని మనిషి వేసిన కేకను అర్థం చేసుకొని ఒక బిడ్డ వెనుదిరిగితే, ఆ పెద్ద మాటకు అర్థం ఏర్పడుతుంది.