మంచుగడ్డ క్రింద చేపల బ్రదుకు

కృష్ణా గోదావరీ తీరములయందు పుట్టి పెరిగిన బాలబాలికలకు కొలనినీరు ఱాయివలె గట్టిపడుట కన్నులార చూచు అవకాశము లేదు. లంబసింగి వంటి మన్యపు గ్రామములలో శీతకాలపు వేకువను పచ్చికపై మంచు పేరుకొనునని వినుచుందుము. అంతకు మించి మన యనుభవము పోదు. యోబు గ్రంథము 38వ అధ్యాయమున జలములు గట్టిపడు సంగతి చదువునప్పుడు మనము దానిని ఊహించుకొనవలసినదే. అమెరికా దేశపు ఉత్తరభాగమున నున్న మిన్నెసోటా రాష్ట్రమునందు ఇది ఏటేట జరుగు కార్యము. అచ్చట మన తెలుగు కుటుంబములును కాపురమున్నవి. ఆ సీమలో పెరటియందు చిన్న కొలను త్రవ్వించి, బంగారు చేపలను పెంచు వాడుక గలదు. కొలనంతయు పలకవలె బిగిసిపోయినప్పుడు ఆ చేపలేమగును?

ఇందులకు సమాధానము నీటి స్వభావమునందే యున్నది. సామాన్యముగా ద్రవములు చల్లబడినకొలది సాంద్రతరములై క్రిందికి దిగును. నీరును 4 సెంటిగ్రేడు డిగ్రీలవఱకు ఈ నియమమునే పాటించును. అంతకంటె చల్లబడినయెడల విపరీతముగా వ్యాకోచించి, తేలికయై పైకి వచ్చును. పై తరగతుల విద్యార్థులు హోపు పరికరమునుగూర్చి చదివియుందురు. ఎడింబరో నగరపు ఆచార్యుడు థామస్ చార్లెస్ హోపు 1805వ సంవత్సరమున ప్రకటించిన ప్రయోగమది. నీరు నింపిన పొడుగుపాత్ర నడుమ మంచును ఉప్పును కలిపి చుట్టినచో, మొదట అడుగున నున్న ఉష్ణమాపకము 4 డిగ్రీలకు దిగి అచ్చటనే నిలుచును. అటుపిమ్మట పైదానిలో శీతము సున్న డిగ్రీలకు దిగును. కొలనునందు జరుగునదియు నిదియే. పైన మంచుగడ్డ, దాని క్రింద సున్న డిగ్రీల నీరు, అడుగున 4 డిగ్రీల నీరు. నీరు గడ్డకట్టునప్పుడు 11 భాగములు దాదాపు 12 భాగములగును గావున గడ్డ తేలుచుండును. తేలుచు కంబళివలె క్రిందినీటిని కాపాడును. గడ్డ అడుగునకు మునుగుటయే నీటి స్వభావమైనచో, ఆ సీమలోని మడుగులు అడుగునుండి పైవఱకు బిగిసి చేప యొక్కటియు మిగులకపోవును.

అట్లైన చేపలు చచ్చుటకు కారణమేమి? మిన్నెసోటాలోని లోతులేని సరస్సులలో కొన్ని శీతకాలములయందు చేపలు గుంపులుగా చచ్చుట కలదు. అది చలివలన గాదు, ఊపిరాడకపోవుటవలన. శరత్కాలమున చెట్లనుండి రాలిన ఆకులు అడుగుచేరి క్రుళ్లును. ఆ క్రుళ్లుట నీటిలోని ప్రాణవాయువును హరించి, బొగ్గుపులుసు వాయువును, గ్రుడ్లకంపుగల గంధకపు వాయువును పుట్టించును. గడ్డ మూతవలె బిగిసియున్నందున చెడ్డగాలి వెలికిపోదు, మంచిగాలి లోనికి రాదు. గడ్డపై హిమము దట్టముగా పడెనా, వెలుతురు చొరక నీటిమొక్కలును ప్రాణవాయువును విడుచుట మానును. ఇదంతయు కంటికి కనబడదు. మంచు కరగిన పిదప వెల్లికిలబడి తేలిన చేపలను చూచి యజమానుడు వగచును.

కావున కొలను కాపాడు పని చలికి ముందే ఆరంభింపవలయును. ఆకులు రాలుదినములలో కొలనిపై వల పఱచి, అప్పటికే అడుగుచేరిన ఆకులను తీసివేయుదురు. నీటిని త్రిప్పు పంపును వెలికి తీసి, గొట్టములలోని నీరు వంపివేయుదురు. లేనిచో గడ్డ వ్యాకోచించి గొట్టములను పగులగొట్టును. నీరు 10 డిగ్రీలకంటె చల్లబడినంతట మేత మానివేయుదురు. ఇది క్రూరముగా తోచవచ్చును గాని, శీతరక్తముగల చేపకు అప్పుడు జీర్ణశక్తి మందగించును; తినని మేత క్రుళ్లి నీటిని చెఱచును. కొలనుకు లోతును ఉండవలయును. మోకాలిలోతు కొలను ఆ దేశమున అడుగంట గడ్డకట్టుటకు జంకదు.

ముఖ్యమైనది, గడ్డయందు ఒక రంధ్రమును సదా తెఱచి యుంచుట. ఇందులకు తేలియాడు చిన్న విద్యుత్పరికరములు గలవు. అవి కొలనంతటిని వెచ్చజేయవు, తమచుట్టు జానెడు మేర నీటిని గడ్డకట్టనీయవు. కొందఱు గాలిబుడగలు పంపు యంత్రమును వాడుదురు. దానిని కొలని అడుగున పెట్టుట తప్పు. అడుగునగల 4 డిగ్రీల నీటిని బుడగలు పైకి త్రోసి, చల్లని నీటిని క్రిందికి దింపును. చేపల పడకయే చెడిపోవును. నడిమిలోతుననో అంతకు పైననో ఉంచవలయును. రంధ్రము మూసికొనిపోయినచో తొందరపాటుగలవాడు సుత్తె చేబూనును. అదియు కూడదు, ఆ దెబ్బ అదరు నీటిగుండ పాఱి చేపలను గాయపఱచును. మఱుగునీరు పోసిన గిన్నెను గడ్డపై నిలిపినచో అది మెల్లగా కరగి దారి యిచ్చును. గిన్నె మునిగిపోకుండ త్రాడు కట్టుట మఱవరాదు!

బంగారు చేపకు మఱియొక వింత శక్తి గలదు. ప్రాణవాయువు బొత్తిగా లేనప్పుడు మన కండరములలో లాక్టిక్ ఆమ్లము కూడును. ఈ చేప ఆ ఆమ్లమును సారాయిగా మార్చి మొప్పలగుండ నీటిలోనికి విడుచును. ఆస్లో, లివర్పూలు విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులు ఈ మార్పునకు మూలమైన ఎంజైములను 2017వ సంవత్సరమున వివరించిరి. అయినను ఇది కష్టకాలపు అప్పువంటిది. దీనిని నమ్ముకొని రంధ్రమును ఉపేక్షించుట తగదు.

పిల్లలున్న యింట మఱియొక జాగ్రత్త. నాలుగంగుళముల దళమైన, తేటయైన గడ్డయే మనిషి నడకను భరించునని ఆ రాష్ట్రపు అధికారులు చెప్పుదురు; అదియు నిశ్చయమని వారనరు. రంధ్రము చుట్టును గడ్డ పలుచనగుటచే పెరటికొలనిపై ఎవ్వరును అడుగిడరాదు. కంచె వేయుట మేలు.

వసంతకాలమున మంచు కరగినను చేపకు ఆకలి వెంటనే పుట్టదు. నీరు మరల 10 డిగ్రీలు దాటి, చేపలు తమంతట పైకివచ్చి నోళ్లు తెఱచువఱకు మేత వేయక యజమానుడు వేచియుండును.