చేప వెంట వలస

ఆగస్టు తెల్లవారుజామున క్యాంప్‌బెల్ నది సముద్రంలో కలిసే చోట మోటారు చప్పుడు వినిపించదు. తెడ్లు నీటిని తాకే శబ్దం ఒక్కటే. చిన్న చిన్న పడవలు, ఒక్కో పడవలో తెడ్డు వేసేవాడొకడు, గాలం పట్టినవాడొకడు. కెనడా పడమటి అంచున, వ్యాంకూవర్ దీవి తూర్పు తీరంలో ఉన్న ఈ ఊరిదీ నదిదీ ఒకటే పేరు. 1924లో ఏర్పడిన టైయీ క్లబ్బు నియమాలు ఇక్కడ చాలా కఠినం. పడవ తెడ్లతోనే నడవాలి. బతికున్న ఎర వాడకూడదు. ముల్లు ఒక్కటే ఉండాలి, అదీ చేప నోట్లో ఇరుక్కుపోయే పన్ను లేనిదై ఉండాలి. గాలపు దారం సన్నంగా ఉండాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య పట్టిన చినూక్ సాల్మన్ 30 పౌండ్లు, అంటే పదమూడున్నర కిలోలకు పైగా తూగితేనే లెక్కలోకి వస్తుంది.

ఇంత పెద్ద చేపలు సరిగ్గా ఇక్కడే గుమికూడడానికి కారణం ఉంది. సముద్రంలో కొన్నేళ్లు తిరిగి బలిసిన చినూక్‌లు గుడ్లు పెట్టడానికి తాము పుట్టిన ఏరెక్కే ముందు ఈ మొగ దగ్గర కొన్నాళ్లు ఆగుతాయి. ఉప్పునీటికి అలవాటుపడిన ఒంటిని మంచినీటికి మళ్లీ సిద్ధం చేసుకోవాలి. సముద్రంలో ఉన్నన్నాళ్లూ చేప నీళ్లు తాగుతూ, ఎక్కువైన ఉప్పును మొప్పల గుండా బయటికి నెట్టేస్తుంది. ఏట్లోకి రాగానే పని తలకిందులవుతుంది. నీరు దానంతటదే ఒంట్లోకి చొరబడుతుంటే మూత్రపిండాలు ఎప్పటికప్పుడు తోడిపోయాలి. మొన్నటిదాకా ఉప్పును తోసేసిన మొప్పలే ఇప్పుడు చుట్టూ ఉన్న నీటిలోంచి ఉప్పును ఏరుకోవాలి. ఏరెక్కే వేళకు చేప తిండి కూడా మానేస్తుంది. ఇక ఒంట్లోని కొవ్వే దారిబత్తెం.

ఇలా తమ ఏటిని వెతుక్కుంటూ వచ్చే చేపల కోసం ఒక మనిషి తన ఏటిని వదిలి వచ్చేశాడు.

ఆయన పేరు రోడెరిక్ హెయిగ్-బ్రౌన్. 1908లో ఇంగ్లండ్‌లో పుట్టారు. తనకు పదేళ్ల వయసులో తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోతే, తల్లి పుట్టింటివాళ్ల ఊళ్లో, డోర్సెట్‌లో పెరిగారు. అక్కడి ఫ్రోమ్ నది సుద్దరాతి నేలలోంచి ఊరే ఏరు. ఏడాది పొడవునా ఒకే తీరుగా, తేటగా పారుతుంది. ట్రౌట్ చేప ఏ ఈగను అందుకుంటోందో గట్టు మీద నిలబడి చూడవచ్చు. ఈకలతో, దారంతో ఈగ బొమ్మ కట్టి, దాన్ని నీటి మీద అలవోకగా వాల్చి చేపను రప్పించే విద్య ఆ పిల్లవాడికి అక్కడే పట్టుబడింది.

ఇరవై ఏళ్లయినా నిండకుండానే ఆయన అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి, కలప కొట్టే క్యాంపుల్లో పనికి వెళ్లారు. అక్కణ్నుంచి సరిహద్దు దాటి వ్యాంకూవర్ దీవి ఉత్తర భాగంలోని నింప్‌కిష్ నది దగ్గరికి చేరారు. చెట్లు నరికారు, ఉచ్చులు పన్నారు, చేపలు పట్టి అమ్మారు, వేటకొచ్చినవాళ్లకు దారి చూపారు. మధ్యలో ఒకసారి లండన్ తిరిగి వెళ్లారు. 1931లో తొలి పుస్తకం అచ్చయింది. రాయడమే బతుకుతెరువు అనుకునే కుర్రాడికి ఆ రోజుల్లో లండన్ కంటే మంచి చోటు లేదు. అయినా ఆయన అక్కడ నిలవలేదు. అదే ఏడాది మళ్లీ ఓడెక్కారు. 1934లో సియాటిల్‌కు చెందిన యాన్ ఎల్మోర్‌ను పెళ్లాడి, ఆ తర్వాత క్యాంప్‌బెల్ నది గట్టున కాపురం పెట్టారు. సముద్రపు పోటు అందే హద్దుకు కాస్త ఎగువన ఉన్న ఆ ఇంటికి ‘అబవ్ టైడ్’ అని పేరు పెట్టుకున్నారు. 1976లో కన్నుమూసేదాకా ఆయన చిరునామా అదే.

గాలం మీద మనసున్నవాళ్లు సాధారణంగా సెలవు పెట్టి వెళ్తారు. చేపలు వచ్చే వారమేదో కనుక్కుని వెళ్లి, పట్టి, ఫొటో తీసుకుని వచ్చేస్తారు. వాళ్లకు తెలిసేది ఆ వారం ఏరు మాత్రమే. చేపలు లేని నెలల్లో ఏరు ఏం చేస్తుందో గట్టున కాపురం ఉన్నవాడికే తెలుస్తుంది. హెయిగ్-బ్రౌన్ వలసలో నాకు గొప్పగా తోచేది ఇదే. 1946లో వచ్చిన ఆయన పుస్తకం ‘ఎ రివర్ నెవర్ స్లీప్స్’ జనవరితో మొదలై డిసెంబరు దాకా నెలల వారీగా సాగుతుంది. జనవరిలో స్టీల్‌హెడ్ ఉంటుంది. సముద్రానికి వెళ్లివచ్చే రెయిన్‌బో ట్రౌట్ అది. చేతివేళ్లు కొంకర్లు పోయే చలిలో, నడుముదాకా నీళ్లలో నిలబడి దానికోసం గాలం విసరాలి. వేసవి చివర చినూక్, పింక్ సాల్మన్ వస్తాయి. శరదృతువులో కోహో, దాని వెనకే చమ్ వస్తాయి. ఒకటి గుడ్లు పెట్టి చనిపోయే వేళకు ఇంకొకటి మొగ దగ్గర సిద్ధంగా ఉంటుంది.

ఆ గుడ్లు పెట్టే తీరు దగ్గర్నుంచి చూడాలి. ఆడ చినూక్ గులకరాళ్ల మీదుగా పారే నీటిలో చోటు ఎంచుకుంటుంది. మరీ లోతు ఉండకూడదు, నీరు మరీ నెమ్మదిగా సాగకూడదు. ఉన్నట్టుండి పక్కకు ఒరిగి, తోకతో అడుగువైపు టపటపా కొడుతుంది. ఆ ఊపుకు పుట్టే నీటి లాగుడుకే రాళ్లు పైకి లేస్తాయి. లేచిన రాళ్లను ప్రవాహం రెండడుగుల దిగువకు నెడుతుంది, వాటి మధ్యనున్న మట్టిని ఇంకా దూరం మోసుకుపోతుంది. చేప కాసేపు ఆగుతుంది, మళ్లీ ఒరుగుతుంది. గుంట తయారయ్యాక మగచేప వచ్చి పక్కన నిలుస్తుంది. ఈపాటికి దాని దవడ కొక్కెంలా వంగిపోయి ఉంటుంది. రెండూ నోళ్లు తెరిచి, ఒళ్లు వణికిస్తూ ఆనుకుని నిలబడిన కొన్ని క్షణాల్లో గుడ్లూ వీర్యమూ గుంటలోకి జారతాయి. గుడ్డు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది, నారింజ ఎరుపు రంగు. మరుక్షణమే ఆడచేప కొంచెం ఎగువకు జరిగి మళ్లీ తవ్వడం మొదలుపెడుతుంది. అక్కడ లేచిన రాళ్లు కొట్టుకొచ్చి కింది గుంటను కప్పేస్తాయి. ఒకే తవ్వకంతో మొదటి గూడు మూతపడుతుంది, రెండోది తెరుచుకుంటుంది. అలా నాలుగైదు వేల గుడ్లు పెడుతుంది. తవ్వీ తవ్వీ తోక అంచు అరిగిపోయి తెల్లబడుతుంది. గుడ్లన్నీ పెట్టాక కూడా ఓపిక ఉన్నన్ని రోజులు గూటి మీద కాపలా కాసి, అక్కడే ప్రాణం వదులుతుంది.

రాళ్ల కింద గుడ్లకు ప్రాణవాయువు అందాలంటే సందుల్లోంచి నీరు పారుతూనే ఉండాలి. చలికాలంలో గుడ్డు పొరలోంచి రెండు నల్లని చుక్కలు కనిపిస్తాయి. అవి కళ్లు. పొర పగిలాక కూడా పిల్ల పైకి రాదు. పొట్టకు అంటుకున్న సొనసంచి కరిగేదాకా ఆ చీకట్లోనే ఉండి, వసంతంలో బయటికొస్తుంది. గట్టున ఎక్కడో చెట్లు కొట్టేస్తే వానకు కొట్టుకొచ్చిన బురద ఈ సందుల్ని పూడ్చేస్తుంది. కలప కార్మికుడిగా బతుకు మొదలుపెట్టిన హెయిగ్-బ్రౌన్ కొండమీద చెట్టుకూ ఏటి అడుగున గుడ్డుకూ ఉన్న ఈ లంకెను జీవితాంతం చెబుతూ వచ్చారు.

చేపపిల్లలు సముద్రానికి వెళ్లేముందు తమ ఏటి వాసనను గుర్తుపెట్టుకుంటాయి. ఇది కవి కల్పన కాదు. అమెరికన్ శాస్త్రవేత్త ఆర్థర్ హాస్లర్ ఒకసారి యూటా కొండల్లో నడుస్తుంటే, ఇంకా కంటపడని జలపాతం వైపు నుంచి నాచు వాసన, పూల వాసన వచ్చి, ఎప్పుడో మరచిన చిన్ననాటి సంగతులు ఒక్కసారిగా గుర్తుకొచ్చాయట. చేపకూ ఇలాగే జరుగుతుందేమోనన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1950లలో సియాటిల్ సమీపంలో రెండు పాయలు కలిసే చోట కోహోలను పట్టి, కొన్నింటి ముక్కుల్లో దూది పెట్టి, కూడలికి దిగువన వదిలారు. ముక్కు తెరిచి ఉన్నవి దాదాపుగా తమ పాయలోకే వెళ్లాయి. దూది పెట్టినవి ఎటు పడితే అటు వెళ్లాయి. నడిసంద్రంలో మాత్రం ముక్కు ఒక్కటే చాలదు. భూమి అయస్కాంత క్షేత్రపు ఆనవాళ్లు కూడా వాటికి దారి చూపుతాయని ఫ్రేజర్ నది సాకై సాల్మన్ మీద 2013లో వెలువడిన పరిశోధన చెప్పింది. క్యాంప్‌బెల్ నదిలో సముద్రానికి కాస్త ఎగువన క్విన్సమ్ అనే ఉపనది వచ్చి కలుస్తుంది. పైకి వచ్చే ప్రతి చేపా అక్కడ ఎటు తిరగాలో తేల్చుకుంటుంది. మన కంటికి రెండు పాయల్లోనూ ఉన్నది ఒకటే నీరు.

ఏటికీ సముద్రానికీ మధ్య ఇలాంటి రాకపోకలు మనం ఎరగనివి కావు. వానాకాలం వరద నీటికి ఎదురీదుతూ బంగాళాఖాతం నుంచి గోదావరిలోకి వచ్చే పులస చేసేదీ ఇదే. సాల్మన్‌లా అది గుడ్లు పెట్టగానే చావదు, వలల్ని తప్పించుకుంటే తిరిగి సముద్రానికి వెళ్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక దాని దారి అక్కడికి కుదించుకుపోయింది. పులస గురించి మనం మాట్లాడేదంతా దాని ధర, దాని పులుసు. యానాం దగ్గరా, అంతర్వేది దగ్గరా పడవ నడిపేవాళ్లకు ఆ చేప నడత గురించి తెలిసినదంతా గోదావరి గట్టునే కాపురం ఉండి, పన్నెండు నెలలూ చూసి రాసేవాళ్లు రావాలని నాకెంతో కోరిక.

మళ్లీ హెయిగ్-బ్రౌన్ దగ్గరికి. న్యాయశాస్త్రం చదవకపోయినా 1940ల తొలినాళ్ల నుంచి మూడు దశాబ్దాలకు పైగా ఆ ఊరికి మేజిస్ట్రేటుగా ఉన్నారు. వయసు పైబడ్డాక రబ్బరు సూటు, కళ్లకు అద్దం తొడుక్కుని ఏట్లోకి దిగి, ప్రవాహంతో పాటు తేలుతూ చేపల్ని వాటి ఎత్తులోనే చూడడం మొదలుపెట్టారు. ఒకప్పుడు గట్టు మీద నుంచి ఊహించినవన్నీ ఇప్పుడు కళ్లెదుట కనిపించాయి. ఏ రాయి వెనక స్టీల్‌హెడ్ ఆగుతుందో, ఏ మడుగు ఖాళీగా ఉంటుందో చూసి, 1964లో వచ్చిన పుస్తకంలో రాశారు. పట్టిన చేపను తిరిగి వదిలేయాలన్న మాట ఇంకా కొత్తగా ఉన్న కాలంలోనే ఆయన ఆ మాట చెప్పారు.

ఆయన కళ్లముందే ఆ నదికి ఆనకట్టలు వచ్చాయి. 1947లో జాన్ హార్ట్, 1949లో లాడోర్, 1958లో స్ట్రాత్‌కోనా కట్టారు. నదిలో 25 మీటర్ల ఎల్క్ జలపాతం అడ్డంగా ఉంది కాబట్టి సాల్మన్‌లు ఎప్పుడూ దాన్ని దాటి పైకి వెళ్లలేదు. వాటికి ఉన్నదల్లా జలపాతం నుంచి సముద్రం దాకా ఐదారు కిలోమీటర్ల ఏరు. అంటే ఆనకట్ట వాటి దారి మూయలేదు. కానీ వరదతో పాటు కొండల నుంచి దొర్లుకొచ్చే గులకరాళ్లను పైనే ఆపేసింది. పాత రాళ్లు కొట్టుకుపోతుంటే కొత్తవి రాలేదు. తోకతో తవ్వడానికి గులకరాళ్లే లేకపోతే చేప ఏం చేయగలదు? 1911లో ఏర్పడిన, వ్యాంకూవర్ దీవి ఉన్న రాష్ట్రపు తొలి ప్రొవిన్షియల్ పార్కు అయిన స్ట్రాత్‌కోనాలోని బటిల్ సరస్సును జలాశయంగా మార్చవద్దని ఆయన ఏళ్ల తరబడి పోరాడారు. ఓడిపోయారు. సరస్సు మట్టం పెరిగి ఒడ్డున ఉన్న అడవి మునిగింది. ఫ్రేజర్ నదిని మాత్రం ఆయనా, ఆయనతో గొంతు కలిపినవాళ్లూ వదులుకోలేదు. ఆ నది ప్రధాన ధార మీద ఈనాటికీ ఒక్క ఆనకట్టా లేదు.

చచ్చిపడిన సాల్మన్‌ను వ్యర్థం అనుకుంటే పొరపాటు. ఎలుగుబంట్లు చేపను అడవిలోకి ఈడ్చుకెళ్లి, రుచైన భాగాలు తిని మిగతాది వదిలేస్తాయి. ఈగలు, పురుగులు, పక్షులు తినగా మిగిలింది నేలలో కలుస్తుంది. సముద్రంలో ఎక్కువగా ఉండే ఒక రకం నైట్రోజన్ ఆ ఏటి గట్టు చెట్ల వలయాల్లో దొరుకుతుందని విక్టోరియా విశ్వవిద్యాలయానికి చెందిన టామ్ రీమ్‌చెన్ చూపించారు. సముద్రం మొహం చూడని దేవదారు ఒంట్లో సముద్రం ఉందన్నమాట.

ఇప్పుడు జాన్ హార్ట్ దిగువన లారీలతో గులకరాళ్లు తెచ్చి నదిలో పోస్తున్నారు. పోసిన చోట చేపలు గూళ్లు తవ్వుతున్నాయి. హెయిగ్-బ్రౌన్ స్థలంలోంచి పారే కింగ్‌ఫిషర్ అనే చిన్న వాగును బాగుచేశారు. ఇల్లు వారసత్వ కట్టడమైంది. చలికాలంలో రచయితలు కొన్ని నెలలు అక్కడ ఉండి రాసుకుంటారు. వ్యాంకూవర్, సర్రే ప్రాంతాల్లో ఉంటున్న తెలుగువాళ్లకు ఇదేమంత దూరం కాదు. ఫెర్రీలో ననైమో చేరి, అక్కణ్నుంచి ఉత్తరంగా కారులో ఒక పూట ప్రయాణం. పింక్‌ల కోసమైతే ఆగస్టు చివర, చినూక్‌ల కోసమైతే అక్టోబరులో వెళ్లాలి. నీటి మీది మెరుపును తగ్గించే పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుంటే అడుగున ఉన్న చేపలు స్పష్టంగా కనిపిస్తాయి. చుట్టూ రాళ్లు నాచు పట్టి నల్లగా ఉండి, మధ్యలో ఒక మంచమంత మేర శుభ్రంగా, లేత రంగులో కనిపిస్తే అది గూడు. పిల్లలు దగ్గర్నుంచి చూస్తామని గొడవ చేసినా ఆ చోట నీళ్లలోకి దిగనివ్వకండి. గుడ్లు ఉండేది ఆ రాళ్ల కిందే.