ఆ అప్‌డేట్ నోటిఫికేషన్ ఎక్కడ్నుంచి వస్తుంది? అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది?

పనిలో ఉండగా స్క్రీన్‌కి కుడివైపు కింద "రీస్టార్ట్ చేయండి" అని ఒక బాక్స్ వస్తుంది. చాలామంది చదవకుండానే మూసేస్తారు. అది ఎలా వస్తుందో తెలిస్తే అలా మూసేయరు అని నా నమ్మకం.

మనం అనుకున్నట్టు మైక్రోసాఫ్ట్ మన కంప్యూటర్‌కి మెసేజ్ పంపదు. మన కంప్యూటరే వెళ్లి అడుగుతుంది. విండోస్‌లో ఒక సర్వీస్ దాదాపు రోజుకోసారి సర్వర్‌ని "నా దగ్గర ఈ వెర్షన్ ఉంది, కొత్తది ఉందా?" అని అడుగుతుంది. ఉంటే వెనకాలే డౌన్‌లోడ్ చేసుకుంటుంది, ఫైల్ మీద మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం ఉందో లేదో చూసుకుని ఇన్‌స్టాల్ మొదలుపెడుతుంది. వాడకంలో ఉన్న సిస్టమ్ ఫైళ్లని మార్చడం కష్టం కాబట్టి ఆ కొంచెం పని రీస్టార్ట్ కోసం ఆగుతుంది. బాక్స్ వచ్చేది అప్పుడే. అంటే అప్పటికే డేటా ఖర్చయిపోయింది. 'లేటర్' కొట్టి మనం మిగుల్చుకునేది ఏమీ లేదు.

డేటా అంటే గుర్తొచ్చింది. మా సోమందేపల్లిలో నాకు తెలిసిన చాలా ఇళ్లలో ల్యాప్‌టాప్ నడిచేది ఫోన్ హాట్‌స్పాట్ మీదే. విండోస్ దాన్ని మామూలు వైఫై అనుకుంటే రోజుకిచ్చే 1.5 జీబీ మధ్యాహ్నానికే ఖాళీ. సెట్టింగ్స్‌లో ఆ నెట్‌వర్క్‌కి 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేయండి, పెద్ద డౌన్‌లోడ్‌లు ఆగుతాయి. కానీ నెలకోసారైనా బ్రాడ్‌బ్యాండ్ ఉన్న చోట అప్‌డేట్ చేసుకోవాలి. సెక్యూరిటీ ప్యాచ్‌లు వచ్చేది నెలలో రెండో మంగళవారం, మనకి రాత్రి పదిన్నర దాటాక. కాబట్టి బుధవారం చూసుకుంటే సరిపోతుంది.

ఎందుకింత పట్టింపు అంటారా? 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక ప్యాచ్ ఇచ్చింది. రెండు నెలలు కూడా తిరక్కుండా, మే 12న, అదే లోపం గుండా వన్నాక్రై దూరింది. 150 దేశాల్లో కంప్యూటర్లు లాక్ అయ్యాయి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవి కూడా. ఆ ప్యాచ్ పడిన మెషీన్లలోకి అది ఆ దారిలో రాలేకపోయింది.

ఇక నకిలీ సంగతి. ఏదో సైట్‌లో 'అలో' నొక్కి ఉంటే ఆ సైట్ పంపే "మీ విండోస్ పాతబడింది" అనే బాక్స్ కూడా అదే మూలలో వస్తుంది. అందులో క్రోమ్ పేరు, సైట్ అడ్రస్ చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఫోన్ నంబర్ ఇచ్చి కాల్ చేయమంటే కచ్చితంగా మోసమే. అనుమానం వస్తే బాక్స్‌ని ముట్టుకోకండి. మీరే సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'విండోస్ అప్‌డేట్' తెరవండి. నిజమైన అప్‌డేట్ అయితే అక్కడ కనిపిస్తుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం బాక్స్ రాకపోవడం. మా ఊళ్లో జిరాక్స్ షాపు నడిపే ఒకన్న మొన్న "ఇప్పుడు అప్‌డేట్ గొడవే లేదప్పా, హాయిగా ఉంది" అన్నాడు. చూస్తే అది విండోస్ 10. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. జనాల ఆధార్ కాపీలన్నీ అందులోనే ఉన్నాయి! మీదీ విండోస్ 10 అయితే అదే 'విండోస్ అప్‌డేట్' పేజీలో 'ఎన్‌రోల్ నౌ' ఉందేమో చూడండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో చేరితే 2026 అక్టోబర్ వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. ఈలోగా మీ మెషీన్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో 'పీసీ హెల్త్ చెక్' యాప్‌లో చూసుకోండి.