మోటారు తిరిగినా నీరు ఎక్కనప్పుడు

కుళాయి నీరు రోజంతా రాని వీధుల్లో ఇంటికి రెండు నిల్వలు అవసరమవుతాయి: నేలలో సంపు, మేడపైన ట్యాంకు. ఈ రెంటి నడుమ నీటిని మోసేది ఒక చిన్న మోటారు పంపు. రాజపాళయంలోనైనా, చోళపురంలోనైనా అది ఒక్క పూట మొరాయిస్తే ఇంటి పనులన్నీ నిలిచిపోతాయి. అప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటే: కాసేపటికి నీరు ఎక్కుతుందేమోనన్న ఆశతో మోటారును అలాగే నడవనివ్వడం. పంపులోని సీలును చల్లగా ఉంచేది నీరే. నీరు లేకుండా తిరిగితే ఆ సీలు త్వరగా వేడెక్కి పాడవుతుంది. చిన్న లోపం పెద్ద ఖర్చుగా మారుతుంది. కనుక మొదటి పని స్విచ్చి ఆపడం. ఆ తరువాత నీరు నడిచే దారినే వరుసగా పరిశీలించాలి.

పరీక్ష సంపు వద్ద మొదలవుతుంది. నీటిమట్టం పీల్చే గొట్టపు అడుగు కొన కంటె పైన ఉన్నదో లేదో చూడాలి. ఆ కొనకు అమర్చిన ఫుట్‌వాల్వు నీటిని పైకి రానిస్తుంది, మోటారు ఆగినపుడు వెనుకకు జారకుండా పట్టి ఉంచుతుంది. దాని జల్లెడకు నాచు పట్టినా, లోపల ఇసుక చిక్కుకున్నా ఆ పని సరిగా జరగదు. పంపుపైనున్న మరను విప్పి, నిండుగా నీరు పోస్తే సంగతి తెలుస్తుంది. పోసిన నీరు నిలిస్తే ఫుట్‌వాల్వు బాగున్నట్లే. కొద్దిసేపటిలో దిగిపోతే అదిగాని, గొట్టపు అతుకుగాని నీటిని వదులుతున్నట్లు. శుభ్రం చేయడానికి గొట్టాన్ని పైకి తీయాలి గాని, సంపులోకి దిగరాదు. మూసి ఉన్న సంపులో ప్రాణవాయువు తగ్గి ఉండవచ్చు.

పోసిన నీరు నిలిచినా పంపు పనిచేయకపోతే గాలిని అనుమానించాలి. పంపు తన లోపలి పీడనాన్ని మాత్రమే తగ్గిస్తుంది. సంపులోని నీటిని పైకి నెట్టేది బయటి వాయుపీడనం. ఆ బలం నీటిని సుమారు 10 మీటర్లకు మించి ఎత్తలేదు. వాడుకలో 7 మీటర్ల లోతు దాటితేనే ఇటువంటి పంపులు తడబడతాయి. పీల్చే గొట్టంలో వెంట్రుకవాసి సందు ఉన్నా గాలి చొరబడి ఆ బలం కాస్తా తగ్గిపోతుంది. పంపు నడిచేటప్పుడు ఆ సందు నుండి నీరు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందువల్ల అతుకు పొడిగా కనిపించినంత మాత్రాన బాగున్నదని అనుకోరాదు. ట్యాంకులో నీరు ఆగి ఆగి, బుడగలతో పడడం దానికి గుర్తు.

మోటారు అసలు తిరగక మూలుగుతుంటే లోపం వేరు. వోల్టేజి తగ్గి ఉండవచ్చు, కెపాసిటర్ చెడి ఉండవచ్చు, చాలాకాలం వాడని పంపులో ఇంపెల్లర్ బిగుసుకొని ఉండవచ్చు. అలాగే వదిలితే మోటారు లోపలి తీగచుట్ట కాలిపోతుంది. విద్యుత్తు ఆపిన తరువాత కూడా కెపాసిటర్ షాకు ఇవ్వగలదు కాబట్టి ఆ పనిని ఎలక్ట్రీషియనుకే వదలాలి. మోటారును తాకినపుడు కొద్దిపాటి షాకు తగిలినా, కారణం కనుగొని ఎర్తింగు సరిచేయించే వరకు దానిని నడపరాదు.

ఈ శ్రమ ఎందుకని కొందరు మోటారును నేరుగా వీధి గొట్టానికే తగిలిస్తారు. దానివల్ల గొట్టంలో పీడనం పడిపోయి వీధి చివరి ఇళ్లకు నీరు అందదు. అంతకంటె పెద్ద కీడు మరొకటి ఉంది. పీల్చే గొట్టపు సందులో గాలి చొరబడినట్లే, వీధి గొట్టపు పగుళ్లలో మురుగు చొరబడుతుంది. ఆ నీరు మోటారు పెట్టిన ఇంటికీ చేరుతుంది, పొరుగు ఇళ్లకూ చేరుతుంది. కుళాయి నీరు తనంత తానుగా సంపులో పడాలి. మోటారు పని అక్కడి నుండే మొదలు కావాలి.