బయానా ఇచ్చే ముందు మోరీ లైను చూశారా?

రైల్వే వర్క్‌షాప్ చుట్టూ పెరిగిన లాలాగూడలో పాత ఇళ్లు ఇంకా ఉన్నాయి. అమ్మే ముందు రంగులు వేయిస్తారు, బాత్రూంలో కొత్త టైల్స్ పరుస్తారు. కింద డ్రైనేజీ పైపు మాత్రం చాలాసార్లు పాతదే ఉంటుంది. కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూసి బయానా ఇచ్చేస్తారు. ఈసీలో మోరీ సంగతి ఉండదు కదా!

పాత స్టోన్‌వేర్ పైపుల అతుకుల దగ్గర సిమెంటు ఊడితే చెట్ల వేర్లు లోపలికి చొరబడతాయి. నేల కుంగితే వాలు పోయి మురుగు నిలుస్తుంది. పెద్ద వాన పడ్డ రోజు వజూ చేసుకునే చోటికే నాపాక్ నీళ్లు ఎగదన్నుతాయి.

దీన్ని ముందే పట్టుకోవడానికి కెమెరా ఉంది. పొడవాటి కేబుల్ చివర లైటు, చిన్న కెమెరా. లైను కడిగించి, ఛాంబర్ మూత తీసి పైపులోకి తోస్తే ఎన్ని అడుగుల దగ్గర పగులుందో స్క్రీన్ మీద తెలుస్తుంది. ఆ వీడియో దాచుకోవాలి. కెమెరా దొరక్కపోతే ఛాంబర్లు తెరిపించి, బాత్రూంలో నాలుగు బకెట్లు గబగబా పోయించి చూడాలి. పక్కింటివాళ్లను వానాకాలం సంగతి అడగాలి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి మాత్రం దింపొద్దు, 2013 చట్టం ప్రకారం అది నేరం.

తనకు తెలిసిన, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపాన్ని అమ్మేవాళ్లు చెప్పాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ అంటోంది. షరీఅత్‌లోనూ ఐబ్ దాచి అమ్మడం నాజాయజ్. కానీ ‘వాళ్లకు ముందే తెలుసు’ అని తర్వాత నిరూపించడం కష్టం.

రోడ్డు మీది లైను పొంగితే జలమండలి 155313కు ఫోన్ చేయొచ్చు. ఇంటి లోపలి లైను ఖర్చు యజమానిదే. అది ధరలో తగ్గించమని బయానాకు ముందే మాట్లాడుకోవాలి.