కొప్పులో చీటీ

2008 మార్చిలో ఎయిర్‌పోర్టు బేగంపేట నుంచి మా శంషాబాద్‌కు వచ్చిన దగ్గర్నుంచి మా డాబా మీదుగా పోయే విమానాలకు లెక్కే లేదు. చూడ్డమే గానీ మేం ఎక్కేది ఎప్పుడోగానీ ఉండదు. మొన్న మాత్రం మా కాలనీలో ఉండే ఒక అవ్వకు తోడుగా తిరుపతి విమానం ఎక్కాను. ఆమెకు ఎనభై ఎనిమిదేళ్ళు. విమానం ఎక్కడం అదే మొదటిసారి.

ఆడవాళ్ళను తనిఖీ చేసేందుకు అక్కడ తెర కట్టిన చిన్న అర ఉంటుంది కదా, అందులో యూనిఫాం వేసుకున్న అమ్మాయి అవ్వ భుజాల మీదుగా, నడుము మీదుగా యంత్రం తిప్పి, అయిపోయింది వెళ్ళమంది. అవ్వ కదల్లేదు.

"కొప్పు సూడవా బిడ్డా?"

ఆ అమ్మాయి నవ్వేసింది. నేనూ నవ్వాను. విమానానికి ఇంకా గంట టైముంది. కుర్చీల్లో కూర్చున్నాక, "గా కొప్పు ముచ్చట ఏంది అవ్వా?" అని కదిపాను.

ఆమెది సూర్యాపేట వైపు పల్లె. 1949లో పన్నెండేళ్ళ పిల్ల. ఊరి బయట పోలీసు క్యాంపు. చేనుకు పోయేవాళ్ళ సద్దిమూటలు విప్పించి జొన్నరొట్టెలు లెక్కపెట్టేవారట. ఒక్క రొట్టె ఎక్కువున్నా అది అడవిలో దళానికేనని గద్దించేవారు. "రొట్టెలు లెక్కవెట్టిండ్రు గానీ నా నెత్తి సూడలే. సింపిరి జుట్టు, పేలుంటయని ఎవడు ముడ్తడు? చీటీ గండ్లనే వోయేది" అంది అవ్వ.

స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్ళకు కూడా దళాలేమిటి అని మీకు సందేహం రావచ్చు. బి.ఏ.లో చరిత్ర చదివిన నాకూ వచ్చింది. యుద్ధకాలంలో నిజాం సర్కారు వసూలు చేసిన లెవీ ధాన్యం, దొరల వెట్టి, బేదఖళ్ళు కలిసి పల్లెల్ని రగిలించాయి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు పొలంలోని పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు తీసుకుపోకుండా సంఘం అండతో నిలబడి దక్కించుకుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు కూలిపోయాడు. 1947 ఆగస్టు తర్వాత నిజాం భారత్‌లో చేరనన్నాడు, రజాకార్లు ఊళ్ళ మీద పడ్డారు, పల్లెలు తుపాకులు పట్టాయి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. 1949 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో నిజాం పటేల్‌కు ఎదురొచ్చి దండం పెట్టిన ఫోటో మనందరం చూసిందే. పుస్తకాల్లో కథ అక్కడితో సుఖాంతం.

పల్లెల్లో మాత్రం కాలేదు. పారిపోయిన దొరలు తిరిగొచ్చారు. పంచిన భూములు మళ్ళీ పోతాయని దళాలు ఆయుధాలు దించలేదు. పోరాటం విరమించింది 1951 అక్టోబరు 21న. నాలుగు వేలమంది ప్రాణాలు పోయాయని సుందరయ్యగారు రాశారు.

సరిగ్గా ఆ కాలంలోనే మలయాలో, జపాన్ ఆక్రమణను అడవిలోంచి ఎదిరించినవాళ్ళు బ్రిటిష్‌వాళ్ళ మీద తిరగబడ్డారు. అక్కడ సర్కారు పల్లెజనాన్ని కంచెల మధ్యకు తరలించి బియ్యం కొలిచి ఇచ్చింది. దేశం ఏదైనా సరే, అడవిలో ఉన్నవాణ్ణి పట్టుకోవాలంటే ముందు ఆడదాని వంటగదినే సోదా చేస్తారన్నమాట!

తుపాకీ పట్టిన ఆడవాళ్ళూ ఉన్నారు. పదహారేళ్ళు నిండీ నిండకుండానే దళంలోకి వెళ్ళిన మల్లు స్వరాజ్యం తలకు పదివేల రూపాయల వెల కట్టారు. ఆమె 2022లో కన్నుమూసే నాటికి పేరు నిలిచింది. తక్కినవాళ్ళ మాటేమిటి? స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అని ఆ స్త్రీల మాటల్ని పుస్తకంగా తెచ్చారు. అడవిలో కన్న పసిగుడ్డును ఎవరికో ఇచ్చేయాల్సి వచ్చిన తల్లి గోడు అందులో చదివి ఆ రాత్రి నేను అన్నం తినలేకపోయాను. పోరాటం అయిపోయాక ఇళ్ళకు వెళ్ళమన్నారు, సరే. ఏ ఇంటికి? "అడవిల తిరిగొచ్చింది" అని ఊరు అనదూ?

మా అవ్వ అడవిలోకి పోనేలేదు, చీటీలు మోసిందంతే. అయినా పెళ్ళి కుదరగానే వాళ్ళమ్మ ఒట్టు వేయించుకుందట, ఆ సంగతి అత్తగారింట్లో ఎత్తొద్దని. యాభై రెండేళ్ళ కాపురంలో మొగుడికి చెప్పలేదు. కొడుకులకూ చెప్పలేదు.

"ఇప్పుడెవరేమంటారు అవ్వా? మెచ్చుకుంటారు."

"మెచ్చుకుంటరో, గిన్నొద్దులు ఎందుకు దాచినవని అడుగుతరో, నాకేమెరుక?"

పత్రికలో రాయనా అంటే చాలాసేపు ఆలోచించింది. "పేరొద్దు. ఊరొద్దు. కొప్పు ముచ్చట రాస్కో." అందుకే ఆనవాళ్ళు ఒకటి రెండు మార్చాను, తెలిసినవాళ్ళెవరైనా పోల్చుకుంటే దయచేసి వాళ్ళ కోడలి దగ్గర అనకండి.

తిరుమలలో అవ్వ తలనీలాలు ఇచ్చింది. కల్యాణకట్ట నుంచి బయటికొచ్చాక, గుండు మీద చందనం పూస్తూ నేను అలాగే చూస్తుంటే కసిరింది.

"ఏం జూస్తున్నవ్? చీటీలేం లేవు, నడువ్!"